ఏ అమ్మ మాట వినాలి?

నెదర్లాండ్స్‌లో 2016లో ఒక వైద్యురాలు, అల్జీమర్స్ అనే మతిమరపు వ్యాధి ముదిరిన 74 ఏళ్ల మహిళకు కాఫీలో మత్తుమందు కలిపి ఇచ్చారు. ఆ తర్వాత ప్రాణం తీసే మందు ఎక్కిస్తుండగా ఆమె లేవబోయారు. ఇంటివారే కదలకుండా పట్టుకున్నారు. మతి నిలకడగా ఉన్న రోజుల్లో, ఇలా ప్రాణం తీయమని కోరుతూ ఆమె రాసిపెట్టిన కాగితమే ఇందుకు ఆధారం. 2019లో హేగ్ న్యాయస్థానం వైద్యురాలిని నిర్దోషిగా తేల్చింది. 2020లో అక్కడి సుప్రీంకోర్టు ఆ కాగితం చెల్లుతుందని చెప్పింది. లేవబోయిన ఆ మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు.

జ్ఞాపకం ఎంతవరకు సాగితే అంతవరకే మనిషి ఒకడని తత్త్వవేత్త జాన్ లాక్ వాదించారు. ఆ లెక్కన రాసిన సంగతే గుర్తులేని రోగి మరో మనిషి కావాలి. ఈ వాదన మాకు సమ్మతం కాదు. కొడుకు పేరు మరిచినా అమ్మ అమ్మే. ఆస్తి కాగితాల దగ్గర ఆమె వేరే మనిషని ఏ కొడుకూ అనడు కదా! అలాగని, పాత సంతకం ముందు నేటి అమ్మకు నోరే లేదనడమూ అన్యాయం.

మన దేశంలో ఇంజెక్షన్‌తో ప్రాణం తీయడం నేరం. కోలుకునే ఆశ లేనప్పుడు కృత్రిమ చికిత్స వద్దని ముందే రాసుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలని 2023లో సడలించింది. రాసినవారు ఊహించని పరిస్థితి ఎదురైతే ఆ రాత వర్తించకపోవచ్చని 2018 తీర్పులోనే ఉంది. మతిమరపు రోగుల విషయంలో వైద్యులు ముందుగా చదవాల్సింది ఆ భాగమే.

గొట్టంతో ఆహారం వద్దని రాసిన అమ్మకు గొట్టం వేయకూడదు. కానీ చెంచాతో జావ పెదవి దగ్గరికి తెస్తే ఆమె నోరు తెరుస్తోంది. అప్పుడు తినిపించాల్సిందే. రేపు ముఖం తిప్పుకుంటే బలవంతం చేయకూడదు. ఈ తేడాను తేల్చే పని ఐసీయూ తలుపు బయట, అర్ధరాత్రి, నిద్రలేని కొడుకు మీద పడకూడదు. 'మతి తప్పాక నేను హాయిగా ఉన్నట్టు కనిపిస్తే, ఈ రాతను పాటించాలా, అప్పటి నా తీరును చూడాలా?' అన్న ప్రశ్న ఆ పత్రంలోనే ఉండాలి. రాసేవారు వైద్యుడి ఎదుట కూర్చుని దానికి జవాబు చెప్పాలి. ఈ ప్రశ్న చేర్చిన తెలుగు నమూనా పత్రాన్ని రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు జిల్లా ఆసుపత్రులన్నింటిలో అందుబాటులో ఉంచాలి.