నిర్ధారణ తర్వాత ఆ ఇంటికి దిక్కెవరు?

పిలిస్తే తిరిగి చూడని, కావలసినదాన్ని వేలు పెట్టి చూపించని, వచ్చిన కొద్ది మాటలనూ మరిచిపోతున్న పసివాడిని చూసి ఇంట్లో ముందుగా కలవరపడేది తల్లి. ‘మగపిల్లలకు మాటలు ఆలస్యంగానే వస్తాయి, వాళ్ల నాన్నకూ మూడేళ్లు దాటాకే వచ్చాయి’ అన్న పెద్దల ఊరడింపుతో ఏడాది గడిచిపోతుంది. ఒకటిన్నర, రెండేళ్ల వయసులోనే గుర్తించడానికి వీలున్న ఆటిజం చాలా ఇళ్లలో బడి ఈడు వచ్చేదాకా బయటపడకపోవడానికి ఈ ఊరడింపు కూడా ఒక కారణం. తీరా డాక్టరు రాసిచ్చాక ఇంట్లో దోషి కోసం వెతుకులాట మొదలవుతుంది. ఫోన్ చేతికిచ్చిందనో, ఉద్యోగానికి వెళ్లి బిడ్డను ఆయాకు వదిలేసిందనో, కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పట్టించుకోలేదనో నింద తల్లి మీదే పడుతుంది.

ఈ నిందకు శాస్త్రంలో ఆధారం లేదు. మానసిక వైద్యుడు లియో కానర్ 1943లో ఆటిజాన్ని వర్ణించిన తర్వాత కొన్ని దశాబ్దాల పాటు పాశ్చాత్య వైద్యులు సైతం తల్లిలో ఆప్యాయత కొరవడడమే కారణమని నమ్మి ఎందరో తల్లులను క్షోభపెట్టారు. ఇది మెదడు ఎదుగుదలలోని తేడా అనీ, అందులో జన్యువుల పాత్ర పెద్దదనీ పరిశోధనలు చెప్పాక ఆ వాదన వీగిపోయింది. టీకాల వల్ల ఆటిజం వస్తుందేమోనన్న అనుమానాలు రేపిన 1998 నాటి వ్యాసాన్ని లాన్సెట్ వైద్య పత్రిక 2010లో ఉపసంహరించుకుంది. వైద్యలోకం ఎప్పుడో వదిలేసిన మాటలు మన వసారాల్లో మాత్రం ఇంకా చెల్లుబాటవుతూనే ఉన్నాయి.

అలాగని కుటుంబాలను తప్పుపట్టి ఊరుకోవడం న్యాయం కాదు. ‘స్పీచ్ థెరపీ మొదలుపెట్టండి’ అన్న ఒక్క సలహాతో ఆసుపత్రి మెట్లు దిగిన తల్లిదండ్రులకు ఎక్కడికి వెళ్లాలో, ఎన్నాళ్లు వెళ్లాలో, ఎంత ఖర్చవుతుందో కూర్చోబెట్టి చెప్పేవారు అరుదు. ఆ సందులోకే పూర్తిగా నయం చేస్తామనే వ్యాపారులు దూరుతున్నారు. ఆటిజానికి మూలకణ (స్టెమ్ సెల్) చికిత్సను సిఫారసు చేయలేమని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే స్పష్టం చేసినా, దాని కోసం ఆస్తులు తాకట్టు పెట్టేవారున్నారు. తాయెత్తులూ మొక్కులూ కనీసం ఇల్లు గుల్ల చేయవు. రెండో డాక్టరు అభిప్రాయం కోరడం సబబే. ‘ఏమీ లేదు’ అనే డాక్టరు దొరికేదాకా ఊరూరా తిరిగే తండ్రి మాత్రం బిడ్డ ఎదుగుదలకు అత్యంత కీలకమైన నెలలను పోగొడుతున్నాడు. అతడి దుఃఖం నిజమైనదే. అది తీరాకే థెరపీ మొదలుపెట్టాలన్న నియమం లేదని చెప్పవలసిన బాధ్యత నిర్ధారించిన వైద్యులది.

మన దగ్గర వ్యవస్థలు లేవని అనలేము. ఆటిజం ధ్రువీకరణకు దేశమంతటా వాడుతున్న కొలమానం రూపుదిద్దుకున్నది సికింద్రాబాద్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థలోనే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు నడిపే నిరామయ పథకం ఏటా లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఇస్తుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలు ఏర్పాటు చేయాలి. అయితే మారుమూల మండలంలోని కూలి తల్లి వారానికి మూడుసార్లు జిల్లా కేంద్రానికి వచ్చిపోవడం అయ్యే పనేనా? ఇంట్లో ఆటలోనూ, అన్నం పెట్టేటప్పుడూ, స్నానం చేయించేటప్పుడూ బిడ్డతో ఎలా మెలగాలో తల్లిదండ్రులకు నేర్పే శిక్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పటికే రూపొందించింది. దాన్ని మన తెలుగులో, మన అంగన్‌వాడీల ద్వారా అందించడం అసాధ్యమేమీ కాదు.

సదరం వంటి వైకల్య ధ్రువపత్రం తీసుకుంటే ఇంట్లో మిగతా పిల్లల పెళ్లిళ్లకు అడ్డమవుతుందన్న భయంతో వెనకాడే కుటుంబాలున్నాయి. థెరపీ ప్రారంభానికి ఆ పత్రం అవసరం లేదన్న సంగతైనా వారికి తెలియాలి. నిర్ధారణ జరిగిన వారంలోపే తల్లితో పాటు తండ్రినీ, అవ్వాతాతలనూ పిలిపించి మాట్లాడే సలహాదారును ప్రతి జిల్లా ఆసుపత్రిలో నియమించాలని మేము కోరుతున్నాము. జిల్లా కేంద్రాలలో స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు పోస్టులు ఎన్ని మంజూరయ్యాయో, ఎన్ని ఖాళీగా ఉన్నాయో ఉభయ తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ముందుగా జిల్లాల వారీగా ప్రకటించాలి.