1222 అని సెలవిచ్చిన కిల్న్ గారికి

మహారాజశ్రీ ఎలక్ట్రిక్ కిల్న్ (కుండలు కాల్చే కరెంటు కొలిమి) గారి దివ్యసముఖమునకు, హైదరాబాదులోని ఒక కుండల స్టూడియో సభ్యులు చేసుకొను విన్నపము.

మొన్నటి కాల్పులో తమరు సరిగ్గా 1222 డిగ్రీల దగ్గర ఆగినట్లు ఎర్రటి అంకెల్లో ప్రకటించారు. ఆ మాటను మేము శిరసావహించేవాళ్లమే గానీ, లోపలి అరమీద నిలబెట్టిన మూడు కోనులు (నంబరు పెరిగేకొద్దీ ఎక్కువ వేడికి వంగే మట్టి శంకువులు) వేరే వాంగ్మూలం ఇచ్చాయి. అయిదో నంబరు ముద్దయింది, ఆరోది సాష్టాంగపడింది, నిటారుగా నిలవవలసిన ఏడోది కూడా నడుము వంచింది. ఎంత వేడి తగిలిందన్న దానితో పాటు ఎంతసేపు తగిలిందన్నదీ కోను లెక్కలోకి వస్తుంది. తమరి అంకె మాత్రం గోడలోంచి తొంగిచూసే థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగల జత) కొన ఆ క్షణాన ఏది చెబితే అదే. ఆ కొనకు వయసు మళ్లింది. కె-రకం తీగలు ఇంతటి వేడిలో పదేపదే కాలి, తుప్పు పొరలు కట్టి, ఉన్న వేడికన్నా తక్కువ చూపించడం స్టూడియోల్లో అందరూ ఎరిగిన సంగతే. అంకె తక్కువగా కనబడింది గనుక తమరు ఉదారంగా ఇంకా వడ్డించారు.

ఆ ఔదార్యానికి గ్లేజు (కుండలకు పూసే గాజు పూత) నీరైపోయి, కప్పుల అంచు దిగి, అడుగు దాటి, అరమీదికి పాకింది. అల్యూమినా పొడి, కేయోలిన్ అనే తెల్లమట్టి కలిపి పూసిన పూత అడ్డుండబట్టి అర దక్కింది. కప్పులను మాత్రం ఉలితో పెకలించవలసి వచ్చింది. ‘కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు’ అన్నవారు ఆ గుదియ ఎవరి చేతిలో ఉంటుందో చెప్పలేదు.

అయితే ప్రతి నేరాన్నీ తమరికి అంటగట్టడం న్యాయం కాదు. తగరం కలిసిన తెల్ల గ్లేజు గిన్నె గులాబీ రంగు తిరగడానికి కారణం, పక్కనే ఉన్న పచ్చ గ్లేజులోంచి ఆవిరై లేచిన క్రోమియం. చల్లారిన పళ్లెం టింగుమంటూ సన్నటి బీటలు తీస్తే, మట్టికన్నా గ్లేజు ఎక్కువ కుంచించుకుపోయిందని అర్థం; అది గ్లేజు వంటకం రాసినవారి లెక్క. దుమ్ము తుడవని కుండమీద గ్లేజు గుంపులుగా ముడుచుకున్నా మా సభ్యులు ‘కిల్న్ పాడుచేసింది’ అనే అంటారు. (ఈ ఒక్క విషయంలో తమరి ఓర్పు మెచ్చదగినది.)

పిడకలూ గడ్డీ పేర్చి మట్టి మెత్తిన ఆవానికి తెర ఉండదు. కుమ్మరి పొగనూ మంట రంగునూ చూసి నిర్ణయిస్తాడు, తప్పితే తన కంటినే తిట్టుకుంటాడు. తమరికి తెర ఉంది గనుక మేము చూడటం మానేశాం, తమరు చెప్పడం మానలేదు.

కావున కొత్త థర్మోకపుల్ వచ్చేవరకు తమరిని 1200 దగ్గరే ఆపుతాము. పై అరలో, నడిమి అరలో, కింది అరలో మూడేసి కోనులు కూర్చుంటాయి. వాటి సాక్ష్యానికీ తమరి అంకెకూ తేడా వస్తే, అంకెను కొట్టివేసి కోనుల మాటనే రిజిస్టరులో రాస్తాము. చిత్తగించవలెను.

ఇట్లు,
అరలు గీకుతున్న సభ్యులు