ఆలస్యం అమృతమైన కొండ

జర్మనీలో రైన్ నది ఒడ్డున, రైన్‌గౌ ప్రాంతంలో ష్లోస్ యోహానిస్‌బర్గ్ అనే కోట, దాని చుట్టూ కొండవాలు నిండా ద్రాక్షతోట ఉన్నాయి. కోట ముంగిట ఒక గుర్రపు రౌతు విగ్రహం కనిపిస్తుంది. అతడు యుద్ధం గెలిచినవాడు కాదు, తోట వేయించినవాడూ కాదు. ఒక ఉత్తరాన్ని ఆలస్యంగా తెచ్చినవాడు.

18వ శతాబ్దంలో ఈ తోట దూరాన ఉన్న ఫుల్డా పట్టణపు మఠాధిపతి సొత్తు. ఆయన అనుమతి పత్రం చేతికి అందనిదే కోత మొదలుపెట్టడానికి వీల్లేదు. 1775లో ఆ పత్రం కోసం వెళ్ళిన రౌతు ఎంతకీ తిరిగి రాలేదట. ఈలోగా పండిన గుత్తులకు బూజు పట్టింది. చేసేది లేక వాటినే కోసి పిండారు. మరుసటి ఏడాది రుచి చూసినవారు ఇటువంటి వైన్ ఎన్నడూ నోట పడలేదన్నారని కథ. ‘ష్పేట్‌లేజె’, అంటే ఆలస్యపు కోత, అనే జర్మన్ వైన్ తరగతికి ఇదే మూలమని చెబుతారు. ఆలస్యం అమృతం విషం అంటాం మనం. అక్కడ విషం కావలసిన బూజే అమృతమైంది.

కథ బాగుంది. కానీ ఘనతంతా ఆ రౌతుకే కట్టబెట్టడం నాకు నచ్చదు. బూజు పట్టిన ద్రాక్షతో తీపి వైన్ చేయడం హంగరీలోని టొకాయ్ ప్రాంతం వారికి 17వ శతాబ్దం నాటికే తెలుసు. బొట్రైటిస్ అనే ఈ శిలీంధ్రం పండు తొక్కను తూట్లు పొడుస్తుంది. లోపలి నీరు ఆవిరై, చక్కెర, పులుపు, వాసన చిక్కబడతాయి. అయితే వాతావరణం కలిసిరాకపోతే అదే బూజు పంటను కుళ్ళబెట్టేస్తుంది. యోహానిస్‌బర్గ్ గొప్పతనం యాదృచ్ఛికంగా దొరికినదాన్ని గుర్తుపట్టి, మళ్ళీ మళ్ళీ కావాలని చేసి, దానికొక పేరు పెట్టి అమ్మడంలో ఉంది. ఆ పని చేసినవాళ్ళు నేలమాళిగలో పీపాల మధ్య బతికినవాళ్ళు. వాళ్ళకు విగ్రహాలు లేవు.

అసలు నిర్ణయం అంతకు అరవయ్యేళ్ళ ముందే మొదలైంది. సుమారు 1100లో బెనెడిక్టైన్ సన్యాసులు మఠం కట్టిన ఈ కొండను 1716లో ఫుల్డా మఠాధిపతి కొన్నాడు. పాడుబడిన తోటలో 1720 నుంచి రీస్లింగ్ అనే ద్రాక్ష రకాన్ని పెద్ద ఎత్తున నాటించాడు. నాలుగైదు రకాలను కలిపి నాటి, ఒకటి పోయినా ఇంకొకటి దక్కుతుందనుకునే కాలమది. ఆలస్యంగా పండే ఒక్క రకం మీదే తోటనంతా పెట్టడం జూదమే. ఆ జూదం ఆడకపోతే 1775లో రౌతు ఎంత ఆలస్యంగా వచ్చినా కథ ఉండేది కాదు.

ఆ జూదానికి అండ కొండవాలు. 50వ ఉత్తర అక్షాంశం ఈ తోట మీదుగానే పోతుంది. అంత ఉత్తరాన ద్రాక్ష పండాలంటే ప్రతి కిరణాన్నీ ఒడిసిపట్టాలి. వాలు దక్షిణానికి తిరిగి ఉంది, వెనక టౌనుస్ కొండలు చలిగాలిని ఆపుతాయి, కింద వెడల్పాటి రైన్ నది వేడిని నిలిపి ఉంచుతుంది. హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహీ తోటలు చూసినవారికి పందిళ్ళు గుర్తుంటాయి. మనకు ఎండ నుంచి కాయను కాపాడే తంటా. వాళ్ళకు ఎండ కోసం తపస్సు.

యజమానులు మాత్రం ఎందరో మారారు. 1802లో మఠం ఆస్తి నెదర్లాండ్స్‌కు చెందిన ఆరెంజ్ రాకుమారుడికి పోయింది. తరువాత నెపోలియన్ దాన్ని తన మార్షల్ కెల్లర్‌మన్‌కు కట్టబెట్టాడు. 1816లో ఆస్ట్రియా చక్రవర్తి తన విదేశాంగ మంత్రి మెట్టర్నిక్‌కు ఇచ్చాడు, దిగుబడిలో పదోవంతు ఏటా తమ వంశానికి ఇవ్వాలన్న షరతుతో. 1942లో బాంబులు పడి కోట ధ్వంసమైంది, మళ్ళీ కట్టుకున్నారు. చేతులు మారినప్పుడల్లా తోట నాశనం కాలేదంటే, కొత్తగా వచ్చిన ప్రతివాడూ రీస్లింగ్‌ను ముట్టుకోకుండా వదిలేయడమే కారణమని నేననుకుంటాను.

సీసా మూతి మీది లక్క ముద్ర రంగును బట్టి వైన్ స్థాయి చెప్పే పద్ధతి మెట్టర్నిక్ కాలంలోనే వచ్చింది. ఆకుపచ్చ లక్క అంటే ష్పేట్‌లేజె, ఎరుపు లక్క దానికి కింది మెట్టు. జర్మన్ వాళ్ళు దీన్ని ‘లాక్’ అంటారు. ఆ మాట ఇటలీ, అరబ్బు, పర్షియా దారుల్లో వెళ్ళిన మన లక్కే, సంస్కృత లాక్షా సంతానమే.

పేరు పెరిగాక దొంగతనమూ పెరిగింది. అమెరికాలో దశాబ్దాలపాటు రీస్లింగ్ సీసాలపై ‘యోహానిస్‌బర్గ్ రీస్లింగ్’ అని రాసుకున్నారు. 2006 నుంచే ఆ వాడుక అక్కడ ఆగింది. స్విట్జర్లాండ్‌లోని వలే ప్రాంతంలోనైతే యోహానిస్‌బర్గ్ అంటే రీస్లింగ్ కూడా కాదు, సిల్వానర్ అనే వేరే ద్రాక్ష!

1971 నాటి జర్మన్ చట్టం ష్పేట్‌లేజెను పండులోని చక్కెర కొలతతో నిర్వచించింది. వాతావరణం వేడెక్కుతున్న కొద్దీ ఆ చక్కెర ఆలస్యం చేయకుండానే వచ్చేస్తోంది. తాగేవాళ్ళ అభిరుచి కూడా తీపి నుంచి తీపి లేని వైన్ల వైపు మళ్ళింది. ఇప్పుడు ఇదే వాలు ద్రాక్షతో చేసే మేలి రకం తీపిలేని వైన్‌కు వెండి రంగు లక్క వేస్తున్నారు. రౌతు మాత్రం ఉత్తరం పట్టుకుని ముంగిట అలాగే ఉన్నాడు.