నేపాల్ నూరు రూపాయల నోటు గారికి

మహారాజశ్రీ కొత్త నూరు రూపాయల నోటు గారికి,

విశాఖపట్నం నుంచి ఒక తెలుగువాడు నమస్కరించి రాస్తున్నది. ఆనవాయితీ ప్రకారం ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి. కానీ మీ మీది సరిహద్దు పటం వ్యవహారంలో ఉన్నది ఇద్దరు కాదు, భారత్, చైనా, నేపాల్ అని ముగ్గురు. ఒకరు తర్వాత మాట్లాడుకుందాం అంటారు. ఇంకొకరు ఈ గొడవ మాది కాదంటారు. మూడోవారు లేఖల మీద లేఖలు రాసి, జవాబు కోసం చూసి చూసి, చివరికి మిమ్మల్ని అచ్చు వేయించారు.

ముందుగా మీ అందం గురించి నాలుగు మాటలు. ఎడమవైపు ఎవరెస్టు. కుడివైపు వెలుతురుకు ఎత్తి చూస్తే మీ జాతీయ పుష్పం లాలీగురాన్స్. మధ్యలో అశోక స్తంభం, లుంబిని బుద్ధుడి జన్మస్థలమన్న ప్రకటన. వీటి వెనక, లేత ఆకుపచ్చ రంగులో, ఉండీ ఉండనట్టు దేశపటం. ఆ పటం వాయవ్య మూలన సన్నగా ఒక ముక్క పైకి పొడుచుకు వచ్చింది. భారత్ కూడా తనవనే లింపియాధురా, లిపులేఖ్ కనుమ, కాలాపానీ అంటే అదే. మీ వీపు మీది ఖడ్గమృగానికి ఒక కొమ్ము పుట్టుకతోనే ఉంది. ముందువైపు పటానికి 2020లో మీ పార్లమెంటు ఇంకో కొమ్ము మొలిపించింది. ఆ జూన్ 13న ప్రతినిధుల సభలో హాజరైన 258 మందీ ఔనన్నారు. ఖాట్మండూలో ఇంతమంది నాయకులు ఒక్క మాట మీద నిలబడటం చూసి ఆ కొమ్ము కూడా ఆశ్చర్యపోయి ఉంటుంది. దాంతో దేశ విస్తీర్ణం 1,47,181 చదరపు కిలోమీటర్ల నుంచి 1,47,516కు పెరిగింది. ఒక్క సైనికుడు కదలలేదు, ఒక్క సర్వే రాయి పాతలేదు.

మీ పుట్టుక కూడా అంత సులువుగా జరగలేదు. 2024 మే నెలలో అప్పటి ప్రధాని ప్రచండ మంత్రివర్గం మిమ్మల్ని కనాలని నిర్ణయించింది. తర్వాత ప్రధాని అయిన ఓలీ ప్రభుత్వం మోసింది. ఆ ప్రభుత్వాన్ని కుర్రకారు ఉద్యమం పడగొట్టాక, 2025 నవంబర్ 27న, సుశీలా కర్కీ తాత్కాలిక ప్రభుత్వం చేతుల్లో మీరు కన్ను తెరిచారు. మీ మీద సంతకం చేసిన నేపాల్ రాష్ట్ర బ్యాంకు (మీ కేంద్ర బ్యాంకు) గవర్నరు అప్పటికే పదవి దిగిపోయారు. నోటు మీద కొత్త పటం తెలివైన పని కాదని అన్నందుకు, రాష్ట్రపతికి ఆర్థిక సలహాదారుగా ఉన్న మాజీ గవర్నరు ఒకరు రాజీనామా చేయవలసి వచ్చింది. ఆయన పేరు చిరంజీవి నేపాల్. ఇంటిపేరులోనే దేశమంతా ఉన్న మనిషికి దేశభక్తి చాలలేదని తేల్చారు.

ఇక మీ ముద్రణ సంగతి. మీలాంటి 30 కోట్ల నోట్లు అచ్చు వేసే పని చైనా ప్రభుత్వ సంస్థకు దక్కింది. లెక్క వేస్తే ఒక్కో నోటుకు సుమారు మూడు అమెరికా సెంట్లు, అంటే నాలుగు నేపాలీ రూపాయలు. నాలుగు రూపాయలకు 335 చదరపు కిలోమీటర్లు! మా విశాఖలో ఆ డబ్బుకు జిరాక్సు కాగితాలే రెండో మూడో వస్తాయి.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. లిపులేఖ్ మాది అని చాటే నోటును అచ్చు వేసిన ఆ చైనాయే, లిపులేఖ్ గుండా వ్యాపారం పెంచుకుందామని 2015లో ఢిల్లీతో కలిసి ప్రకటన చేసింది. 2025 ఆగస్టులో చైనా విదేశాంగమంత్రి వాంగ్ యీ ఢిల్లీ వచ్చినప్పుడు, ఆగిపోయిన ఆ వ్యాపారాన్ని మళ్లీ తెరవడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. ఈ రెండుసార్లూ ఖాట్మండూను అడిగినవారు లేరు. నెల తిరగకుండానే ఓలీ చైనా నగరం తియాన్‌జిన్‌లో షీ జిన్‌పింగ్ ముందు అభ్యంతరం చెప్పి వచ్చారు. లిపులేఖ్ వ్యాపారం 1954 నుంచీ ఉన్నదేనని ఢిల్లీ అంతకుముందే సెలవిచ్చింది. ఒకవైపు కనుమలో వ్యాపారం, మరోవైపు ఆ కనుమ పటానికి ముద్రణ ఛార్జీలు. బీజింగ్ గుమాస్తాలకు రెండు పద్దుల్లోనూ జమే.

మీ విలువ మాత్రం ఢిల్లీ చేతిలో ఉంది. 1993 నుంచి ఒక భారత రూపాయికి 1.60 నేపాలీ రూపాయలు అన్న లెక్క మారలేదు. మీరు తలెత్తి చాటుకునే నూరు మా దగ్గర అరవై రెండున్నర. ఎవరి భూమిని మీదని అంటున్నారో, వారి రూపాయికే ముడిపడి బతకడం సామాన్యమైన విద్య కాదు. సముద్రం లేని దేశం కదా, ఓడలో వచ్చే మీ సరుకు కోల్‌కతాలోనో మా విశాఖలోనో దిగి, మా రైలెక్కి బీర్‌గంజ్ చేరాలి. 2015లో సరిహద్దు దిగ్బంధం జరిగినప్పుడు గ్యాసు బండల కోసం వరుస కట్టినవారికి ఆ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. మిమ్మల్ని చూసి ముందుగా గుండె నిండినవారూ వారే, అందుకు నేను నవ్వను.

దావా విషయానికి వస్తే, అదేమీ గాలిలోంచి పుట్టింది కాదు. ఈస్టిండియా కంపెనీతో కుదిరి 1816లో ఆమోదం పొందిన సుగౌలీ సంధి ప్రకారం కాళీ నదికి పడమర ఉన్న భూమిని నేపాల్ రాజు వదులుకున్నాడు. కాళీ ఎక్కడ పుడుతుందో చెప్పే ఓపిక ఆ సంధి రాసిన దొరకు లేకపోయింది. లింపియాధురా నుంచి వచ్చే కుఠీ యాంక్తీ పెద్ద పాయ కాబట్టి అదే అసలు కాళీ అని నేపాల్ అంటుంది. కాలాపానీ దగ్గరి ఊటలే మొదలని మనవాళ్లు అంటారు. గట్టు తగాదా చూసిన ఎవరికైనా మిగతా కథ తెలుసు: నేపాల్ దగ్గర తాతల నాటి శిస్తు రసీదులు, 1961 జనాభా లెక్కల కాగితాలు, మన దగ్గర 1830ల నాటి రెవెన్యూ రికార్డులు. పొలంలో మాత్రం నాగలి ఒకరిదే. 1960ల నుంచీ కాలాపానీలో ఉన్నది భారత దళాలే. 1961లో నేపాల్, చైనా తమ సరిహద్దు గీసుకున్నప్పుడు ఒకటో నంబరు స్తంభాన్ని టింకర్ కనుమ దగ్గర పాతి, అంతకంటే పడమరకు వెళ్లకుండా వెనక్కి వచ్చేశారు. ముగ్గురి మధ్య ఉన్న మూలను ముట్టుకోకపోవడం అప్పట్లో మర్యాద అనిపించుకుంది.

మా వైపు మర్యాదలూ తక్కువేమీ కావు. 2020 మే 8న లిపులేఖ్ దాకా వెళ్లే రహదారిని రక్షణమంత్రి వీడియోలో ప్రారంభించారు. ఖాట్మండూ ఉలిక్కిపడి చర్చలకు తేదీ అడిగితే, కరోనా తగ్గాక చూద్దామన్నారు. కరోనా తగ్గి ఏళ్లయింది. ఇరుదేశాల సంబంధాల మీద రెండువైపుల పెద్దలు 2018లో రాసి ముగించిన సంయుక్త నివేదిక ఒకటుంది. దాన్ని అందుకోవడానికి మా ప్రధానికి తీరిక దొరకలేదు. మీ పటాన్ని కృత్రిమ విస్తరణ అన్నారు. నోటు మీద వేసుకున్నంత మాత్రాన నేల మీద ఏదీ మారదని 2024లో విదేశాంగమంత్రి తేల్చేశారు. మాట నిజమే. అయితే నేల మీద ఎవరున్నారో వారు ఈ మాట చెప్పడం ఎప్పుడూ తేలికే. కూర్చుని మాట్లాడే పెద్దదేశం పొరుగున ఉంటే, పాపం, మిమ్మల్ని అచ్చు వేయాల్సిన అవసరమే వచ్చేది కాదు.

నోటు గారూ, మీ దేశంలో టింకర్, ఛాంగ్రూ అని రెండు ఊళ్లున్నాయి. ఎవరూ కాదనని, పక్కా నేపాల్ ఊళ్లు. చలికాలం కొండ దిగి తమ జిల్లా కేంద్రం దార్చులాకు చేరాలంటే, అక్కడివారు ఇన్నేళ్లూ నది దాటి భారత్ వైపు దారి పట్టుకుని, అనుమతి చీటీ చూపించి నడిచారు. కొమ్ము పెరిగిన పటంలో ఆ బాట ఇంకా సరిగ్గా పడలేదు. మీ 30 కోట్ల అన్నదమ్ముల ముద్రణ ఖర్చులో కొంత అటు మళ్లిస్తే ఎంత దూరం రాళ్లు పరవచ్చో మీ రాష్ట్ర బ్యాంకు లెక్క వేసి చెబితే బాగుండు.

ఒక్క చిన్న సలహాతో ముగిస్తాను. మహాకాళీ (ఆ కాళీ నదే) మీది వేలాడే వంతెన దాటితే మీ దార్చులా నుంచి మా ధార్చులా. అక్కడి బజారులో మిమ్మల్ని ఎవరైనా బల్ల మీద పెడితే, దుకాణదారు ఎవరెస్టునూ చూడడు, పటాన్నీ చూడడు. అంకె చూసి, 1.60తో భాగించి, అరవై రెండు రూపాయల సరుకు కట్టి, అర్ధ రూపాయికి చిల్లర లేదంటాడు. ఆ అర్ధ రూపాయి గురించి మాత్రం గట్టిగా అడగండి. దానికి విదేశాంగ కార్యదర్శులు సమావేశం కానక్కరలేదు.

ఇట్లు,
అరవై రెండున్నర రూపాయల మేరకు మీ శ్రేయోభిలాషి