క్రెడిట్ స్కోరు గారి సముఖానికి బేగంబజార్ గుమాస్తా ఉత్తరం

మహారాజరాజశ్రీ క్రెడిట్ స్కోరు గారికి,

బేగంబజార్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు రాసే గుమాస్తా నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. తమరు 300కీ 900కీ మధ్య ఎక్కడో ఒకచోట క్షేమంగానే ఉంటారు. మా క్షేమం తమరి చేతుల్లోనే ఉంది కనుక దాని గురించి విడిగా రాసేదేమీ లేదు.

మా ఊళ్లో మిమ్మల్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. (తమరు అనడం నాకు అలవాటు లేదు, ఇక మీరు అనే అంటాను.) అందరూ సిబిల్ అంటారు. సిబిల్ బాగుంది, సిబిల్ ఖరాబైంది, సిబిల్ చూపించుకో. అది మన అప్పుల చరిత్ర దాచిపెట్టి స్కోరు వేసే నాలుగు కంపెనీల్లో ఒకదాని పేరనీ, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అని ఇంకో మూడు ఉన్నాయనీ చెబితే మా దుకాణంలో కుర్రాళ్లు నేనేదో కొత్త స్కీములో చేరమంటున్నానని అనుమానపడ్డారు.

2025లో మహారాష్ట్రలో పెళ్లికొడుకు సిబిల్ బాగాలేదని ఆడపెళ్లివారు సంబంధం వదిలేసుకున్నారని పేపర్లో వచ్చింది. మా పక్కింటావిడ అది చదివి, తన కూతురికి వచ్చే సంబంధాల్లో జాతకంతో పాటు ఇది కూడా అడగాలా అని నన్ను సలహా అడిగింది. అడగండమ్మా, కానీ స్కోరు కాదు, రిపోర్టు మొత్తం అడగండి అన్నాను. ఆవిడకి తేడా అర్థం కాలేదు. బ్యాంకు ఆఫీసర్లకు కూడా అంతగా అర్థం అయినట్టు లేదు కాబట్టి మీకే నేరుగా రాస్తున్నాను.

నేను ఖాతాలు రాసే మనిషిని. నా లెక్కన రిపోర్టు అంటే ఖాతా పుస్తకం లోపలి పేజీలు, మీరు ఆ పుస్తకం అట్ట మీద ఎవరో వేసిపోయిన మార్కు. అట్ట చూసి బాకీ తేల్చే గుమాస్తాను మా సేఠ్ ఒక్క పూట కూడా పనిలో ఉంచుకోడు. పైగా ఆ పేజీలు రాసేది మీరు కాదు, మిమ్మల్ని నడిపే కంపెనీలూ కాదు. బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ ఏం పంపితే అది అందులో ఎక్కుతుంది. మునుపు నెలకోసారి పంపేవారు, 2025 జనవరి నుంచి పదిహేను రోజులకోసారి పంపాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. మంచిదే. తప్పు పంపినా ఇప్పుడు రెట్టింపు వేగంతో చేరుతుంది.

ముందు మీకు తెలియని సంగతులు చెబుతాను. నా జీతం ఎంతో మీకు తెలియదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ తెలియదు. ఏళ్ల తరబడి ఒకటో తారీఖున ఇచ్చిన ఇంటి కిరాయి తెలియదు. చిట్టీ పాడుకుని ఒక్క వాయిదా కూడా ఆపకుండా కట్టినవాడు మీకు కనబడడు. మీకు తెలిసింది ఒక్కటే, అప్పు. అప్పు చేసినవాడే మీ దృష్టిలో మనిషి.

మా మేనత్త కొడుకు, మాకు బావ, మలక్‌పేట గంజ్ నుంచి ఉల్లిగడ్డలు ఉద్దెరకు తెచ్చి సికింద్రాబాద్ మోండా మార్కెట్లో అమ్ముతాడు. గంజ్‌లో ఆయన మాట మీద లోడు దింపుతారు, కాగితం అడగరు. ట్రాలీ ఆటో కొందామని బతుకులో మొదటిసారి బ్యాంకు మెట్లెక్కాడు. "మీకు హిస్టరీ లేదు సార్" అన్నాడట అక్కడి కుర్ర ఆఫీసర్. "నాకు ఎక్కడా రూపాయి బాకీ లేదు బాబూ" అన్నాడు బావ. "అదే సార్ ప్రాబ్లం" అన్నాడట. అప్పు చేయనివాడికి మీరిచ్చే అంకె మైనస్ ఒకటి. డిపాజిట్ వేసి దాని మీద ఒక క్రెడిట్ కార్డు తీసుకోండి, కొన్నాళ్లు అప్పు చేసి తీర్చండి, అప్పుడు రండి అని సలహా ఇచ్చి పంపాడు.

2025 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ సహాయమంత్రి పార్లమెంటులో స్పష్టంగానే చెప్పారు. లోనుకు కనీసం ఇంత స్కోరు ఉండాలని రిజర్వు బ్యాంకు ఎక్కడా పెట్టలేదు, చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి వచ్చినవాడిని తిప్పి పంపకూడదు అని. మా బావ ఆ పేపర్ కటింగ్ జేబులో పెట్టుకుని మళ్లీ వెళ్లాడు. ఆఫీసర్ మర్యాదగా చదివి, "కరెక్టే సార్, కానీ సిస్టమ్ తీసుకోవట్లేదు" అన్నాడట.

ఇక తెలిసిన సంగతులు మీకు ఎంత బాగా తెలుసో చూద్దాం. మా పై పోర్షన్లో కిరాయికి ఉండే అబ్బాయి ల్యాబ్ టెక్నీషియన్. ఆమధ్య అబిడ్స్‌లో ఈఎంఐ మీద ఫోన్ కొన్నాడు. ఒక నెల జీతం ఆలస్యమై ఈఎంఐ బౌన్స్ అయింది, వారంలో కట్టేశాడు. మిగతావన్నీ టైముకే కట్టి, లోన్ ముగించి, ఫైనాన్స్ కంపెనీ దగ్గర బాకీ ఏమీ లేదనే కాగితం, అంటే ఎన్‌ఓసీ కూడా తీసుకున్నాడు. తర్వాత బైకు లోన్‌కి వెళ్తే కాదన్నారు. ఒక ఆదివారం పొద్దున రిపోర్టు ప్రింటు పట్టుకుని కిందికి దిగాడు. నేను ఎర్ర పెన్ను తీశాను.

మొదటి పేజీలోనే వినోదం మొదలు. పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఒక బ్యాంకులో అది ఒక్క అక్షరం, ఇంకోచోట ఇంటిపేరు చివరికి వెళ్లి తండ్రి పేరు మధ్యలో దూరింది. తెలుగువాళ్ల పేర్లు ఏ ఫారంలో కుదిరాయి గనుక. అడ్రసులు నాలుగున్నాయి. ఒకటి అతను హాస్టల్లో ఉన్నప్పటిది, ఒకటి "మెట్రో పిల్లర్ పక్క సందు" అని మాత్రమే ఉంది, ఏ పిల్లరో లేదు. ఇలాంటి చోటే ఒకరి అప్పు ఇంకొకరి రిపోర్టులో చేరుతుంది. అందుకే స్కోరు వంక చూడకముందే పేరు, పాన్, పుట్టిన తేదీ, ఫోన్ నెంబర్ టిక్కు పెట్టుకుంటూ పోవాలని అతనికి చెప్పాను.

లోపల ఒక్కో లోన్ కింద నెలకో గడి. గడిలో మూడంకెలు, అంటే గడువు దాటిన రోజులు. 000 ఉంటే ఆ నెల బాకీ లేనట్టు. ఎక్స్‌లు మూడుంటే ఆ నెల బ్యాంకు ఏమీ పంపనట్టు. ఇలా 36 నెలల దాకా ఉంటాయి. ఫోన్ లోన్ వరుసలో 000లు బారుగా ఉన్నాయి, మధ్యలో ఒక్క 007. సరే, అది నిజమే. చివరి ఈఎంఐ కట్టి ఎన్‌ఓసీ తీసుకున్న తర్వాతి గడిలో 030. దాని తర్వాత 061. ఆపైన 091, 122, అలా ఎక్కుతూనే ఉంది. అకౌంటు క్లోజ్ కాలేదు. కట్టాల్సిన బాకీ ఎంతా అని చూస్తే 590 రూపాయలు. ఆ అంకె చూడగానే నాకు వెలిగింది. బౌన్స్ చార్జీ 500, దాని మీద జీఎస్టీ 18 శాతం, 90. బాకీ లేదని కాగితం రాసిచ్చిన కంపెనీయే బాకీ ఉందని మీకు నెలనెలా పంపుతోంది. అతనికి ఒక్క ఫోన్ చేయలేదు, ఒక్క మెసేజ్ పెట్టలేదు. ఇంత చిల్లర తేడా మా దుకాణంలో వస్తే వటావు కింద రాసేసి టీకి వెళ్తాం.

మీ కంపెనీకి ఆన్‌లైన్‌లో డిస్ప్యూట్, అంటే తప్పు దిద్దమనే ఫిర్యాదు, పెట్టించాను. మీరేం చేశారు? ఆ ఫైనాన్స్ కంపెనీనే అడిగారు. అంటే దొంగతనం జరిగిందా అని ఎవరి మీద ఫిర్యాదో వాళ్లనే అడిగినట్టు. చట్టం అలాగే ఉందిలెండి, అప్పిచ్చినవాడు ఒప్పుకుంటే తప్ప మీరు ఒక్క అంకె కూడా మార్చలేరు. వాళ్లు "డేటా కరెక్టే" అని జవాబిచ్చారు. అప్పుడు ఎన్‌ఓసీ కాపీ జతచేసి వాళ్ల దగ్గర ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్‌కి రాశాం, బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్తామని అందులోనే చెప్పాం. మీ నాలుగు కంపెనీలు కూడా 2022 సెప్టెంబర్ నుంచి ఆ అంబుడ్స్‌మన్ పరిధిలోకి వచ్చాయని చాలామందికి తెలియదు. ఆ మాట పడగానే 590 ఆవిరైంది, అకౌంటు క్లోజ్ అయింది.

ఫిర్యాదు 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ 26 నుంచి నియమం ఉంది. అందులో అప్పిచ్చినవాళ్ల వాటా 21 రోజులు. అది వసూలు చేద్దాం పట్టు అనేలోపే ఆ అబ్బాయి డ్యూటీకి ఆలస్యమవుతోందని వేరేచోట ఎక్కువ వడ్డీకి లోన్ తీసుకుని బైకు కొనేశాడు. ఇప్పుడు అతని స్కోరు మళ్లీ లేచింది. వడ్డీ మాత్రం లోన్ తీరేదాకా అదే. మీరు పడిపోయినప్పుడు దెబ్బ మాకు, లేచి నిలబడ్డాక దులుపుకుని పోయేది మీరు.

మీ నిలకడ గురించి కూడా ఒక మాట. ఫోన్లో ఒక యాప్ 780 చూపిస్తుంది, బ్యాంకులో కూర్చున్నాయన 731 అంటాడు. నాలుగు కంపెనీలవి నాలుగు లెక్కలు, యాప్ ఒకరి దగ్గర తెస్తుంది, బ్యాంకు ఇంకొకరి దగ్గర చూస్తుంది. నేను ఒకే సరుకుకు నాలుగు ఖాతాల్లో నాలుగు నిల్వలు చూపిస్తే మా సేఠ్ పోలీసుల్ని పిలుస్తాడు. మీరు చేస్తే అల్గారిథం.

మా తమ్ముడు నాన్న ఆసుపత్రి బిల్లు క్రెడిట్ కార్డు మీద కట్టాడు. గడువు లోపలే మొత్తం తీర్చేశాడు. కానీ తీర్చకముందు ఉన్న బాకీ మీ దగ్గరికి చేరింది, లిమిట్‌లో ముప్పై శాతం దాటి వాడాడని మీరు మూతి ముడుచుకున్నారు. కష్టంలో ఉన్న నెలే మీకు అనుమానం వస్తుంది. పైసలు అవసరం లేనివాడి మీద మాత్రం మీకు ఎనలేని నమ్మకం. ఇంకో బంధువు స్నేహితుడి లోనుకు పూచీ సంతకం పెట్టాడు, ఆ లోన్ ఇప్పుడు ఇతని రిపోర్టులోనూ కూర్చుంది. కలెక్షన్ ఏజెంట్లు ఫోన్ చేసి "సగం కట్టండి సార్, సెటిల్ చేసేద్దాం" అని తియ్యగా మాట్లాడతారు. సగం కడితే రిపోర్టులో క్లోజ్డ్ అని రాదు, సెటిల్డ్ అని వస్తుంది, ఆ ముక్క చూస్తే తర్వాత అప్పిచ్చేవాడు వెనక్కి జరుగుతాడు. ఆ సంగతి ఫోన్లో చెప్పరు. ఇప్పుడు అప్పు సంగతి దాటి ఉద్యోగం దాకా వచ్చారు మీరు. రిపోర్టు బాగాలేదని ఒక ప్రభుత్వ బ్యాంకు ఒక అభ్యర్థి నియామకం రద్దు చేస్తే 2025లో మద్రాసు హైకోర్టు ఆ రద్దు సరైనదే అంది.

అమీర్‌పేట వైపు వెళ్తే గోడల మీద కాగితాలు, "సిబిల్ 800 గ్యారంటీ, ఫోన్ చేయండి" అని. బ్యాంకు సరిదిద్దితే తప్ప మారని అంకెను వీళ్లు ఫీజు తీసుకుని ఎలా మారుస్తారో నాకు తెలియదు గానీ, మనం ఉచితంగా పెట్టుకోగలిగిన డిస్ప్యూటునే పైసలు తీసుకుని పెడతారని మాత్రం చెప్పగలను.

ఇంత తిట్టినా మిమ్మల్ని రద్దు చేయమని నేను అనను. మీరు రాకముందు కాలం అంత గొప్పదేం కాదు. మేనేజర్ తెలిసి ఉండాలి, లేదా మేనేజర్‌కి తెలిసినవాడు తెలిసి ఉండాలి. పాతబస్తీ అడ్రసు చూసి ఫైలు పక్కన పెట్టేవారని మా బజార్లో పెద్దవాళ్లు ఎవరిని అడిగినా చెబుతారు. ఎవరి సిఫారసూ లేని మనిషికి వరుసగా కట్టిన ఈఎంఐలే సిఫారసు కావడం చిన్న విషయం కాదు, మా చిన్న చెల్లెలు కుట్టుమిషన్ లోన్‌తో మొదలుపెట్టి అలాగే పెద్ద లోన్ దాకా వెళ్లింది. నా పేచీ మీరు ఉన్నందుకు కాదు. లోపలి పేజీలు ఎవరూ తిప్పకుండా మిమ్మల్ని చూసి మాత్రమే తలుపు వేసేస్తున్నందుకు.

2017 నుంచి నాలుగు కంపెనీలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మా వీధిలో ఇప్పుడు అందరికీ అదే పని పెట్టాను. మూడు నెలలకు ఒక కంపెనీ చొప్పున తీస్తే ఏడాదంతా పైసా ఖర్చు లేకుండా కాపలా కాయొచ్చు. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గుతుందని భయపడేవాళ్లు ఇంకా ఉన్నారు. తగ్గదు. లోన్ కోసం అప్లికేషన్ పెట్టినప్పుడు బ్యాంకు చూస్తేనే అది స్కోరును కాస్త తగ్గించే హార్డ్ ఎంక్వైరీ.

ఒక్క విన్నపం. బ్యాంకులకూ మార్కులు ఉన్నాయని విన్నాను. వాళ్లు పంపే సమాచారం ఎంత శుభ్రంగా ఉందో చూసి డేటా క్వాలిటీ ఇండెక్స్ అని మీ కంపెనీలే వేస్తాయి, 2014లోనే రిజర్వు బ్యాంకు ఆ పద్ధతి తెమ్మంది. ఆ మార్కులు మా కంట పడవు. నా మార్కు బ్యాంకు చూసినట్టే వాళ్ల మార్కు నాకూ కనబడే ఏర్పాటు చేయించండి. మా బావ ఈసారి బ్యాంకు మెట్లెక్కి, ఆఫీసర్ ఎదురుగా కూర్చుని, ఫోన్ తీసి, "మీది కొంచెం తక్కువుంది సార్, ఆరు నెలలాగి రమ్మంటారా?" అని అడగాలని ఉంది.

ఇట్లు,
లెక్కలు రాసేవాడు,
బేగంబజార్, హైదరాబాద్

తా.క. ఈ ఉత్తరాన్ని హార్డ్ ఎంక్వైరీ కింద రాసుకోవద్దని మనవి.