శని గ్రహం గురించి రాస్తే జాతకం యాడ్ వచ్చింది

మొన్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, సొంతంగా వెబ్‌సైట్ పెట్టి యాడ్స్ వేసుకుంటే నెలకి ఎంతొస్తుంది?" దేని గురించి రాద్దామని అని అడిగితే, "అదింకా అనుకోలేదన్నా. ఏది రాస్తే ఎక్కువొస్తుందో చెప్పు, అదే రాస్తా" అన్నాడు. నవ్వొచ్చింది. వెంటనే ఆ నవ్వు ఆగిపోయింది కూడా. ఎందుకంటే ఆ ప్రశ్నకి నా దగ్గర నిఖార్సైన జవాబు ఉంది. ఆరేళ్లు యాడ్లు వేసుకుని మరీ తెలుసుకున్న జవాబు. దాని ప్రకారం రాయబోయి నా సైట్‌ని నా చేతులతోనే పాడు చేసుకున్నాను.

పోస్ట్ కొంచెం పెద్దది. ఓపికుంటేనే చదవండి.

నా సైట్ ఆకాశం గురించి. చిన్న టెలిస్కోప్‌తో ఏ నెలలో ఏం కనపడుతుంది, చంద్రుడి మీద ఏ గుంట ఏ రోజు చూస్తే బాగుంటుంది, ఇలాంటివి రాసుకునేవాణ్ణి. మొదటి రెండేళ్లు ఒక్క యాడ్ లేదు. తర్వాత ఒకసారి డొమైన్‌కీ (సైట్ పేరు) హోస్టింగ్‌కీ (సైట్ ఉండే సర్వర్ అద్దె) కలిపి కట్టాల్సి వచ్చినప్పుడు, అందరూ వేసుకుంటున్నారు కదా, మనకి మాత్రం ఈ చేతి చమురు దేనికి అనిపించింది. కంపెనీల యాడ్లు తెచ్చి మన సైట్లలో వేసే ఒక యాడ్ నెట్‌వర్క్‌కి అప్లై చేశా. మూడోసారికి అప్రూవల్ వచ్చింది. నాలుగు లైన్ల కోడ్ అతికించి పడుకున్నా. మర్నాడు పళ్లు తోముకోకముందే ఫోన్ తీసి చూస్తే డ్యాష్‌బోర్డ్‌లో 0.04 డాలర్లు. నాలుగు సెంట్లు! నమ్మండి, ఆ నాలుగు సెంట్లకి పడిన సంతోషం తర్వాత ఎన్ని డాలర్లు చూసినా రాలేదు. రోజుకి ఇరవైసార్లు రిఫ్రెష్ కొట్టడం కూడా ఆ పొద్దుటే మొదలైంది.

"నిద్రపోతున్నా డబ్బులొస్తాయి" అని వీడియోల్లో చెప్తారే, వాళ్లు చెప్పని లెక్క ఒకటుంది. వెయ్యి పేజీ వ్యూస్‌కి ఎంతొచ్చిందో దాన్ని ఆర్‌పీఎం అంటారు. నాది ఒక డాలరుకి అటూ ఇటూగా ఉండేది. ఇక నెట్‌వర్కులు ఎంతొస్తే అంత పంపవు, కనీస మొత్తం అని ఒక గీత పెట్టుకుంటాయి. గూగుల్ నడిపే యాడ్‌సెన్స్ నెట్‌వర్క్‌లో అది 100 డాలర్లు. ఆర్‌పీఎం ఒక డాలరైతే ఆ గీత దాటడానికి లక్ష పేజీలు చదవాలి జనం. రోజుకి వందమంది వచ్చి తలా ఒక పేజీ చదివితే వెయ్యి రోజులు, అంటే రెండున్నరేళ్లు దాటిపోతుంది. ఆ వందమందైనా ఊరికే రారు, వాళ్లని రప్పించడానికే నాకు ఏడాది పట్టింది. కోర్సులు అమ్మేవాళ్లకి ఈ లెక్క తెలీదనుకోకండి, బాగా తెలుసు. అందుకే వాళ్లు యాడ్ల మీద బతకరు, కోర్సుల మీద బతుకుతారు.

సరే, అసలు సంగతికొస్తా. శని వలయాల మీద ఒక పేజీ రాశాను. మూడు వారాలు కూర్చున్నా దాని మీద. అంత వెడల్పున్న వలయాలు అంత పల్చగా ఎలా ఉన్నాయి, కొన్నేళ్లకోసారి కనపడకుండా ఎందుకు పోతాయి, బొమ్మలు గీసి మరీ చెప్పాను. పబ్లిష్ చేసి ఫోన్‌లో తెరిచి చూసుకుంటే, సరిగ్గా వలయాల మధ్య ఖాళీ గురించి చెప్పిన పేరా కింద ఒక యాడ్: మీ జాతకంలో శని ఎక్కడున్నాడో ఉచితంగా తెలుసుకోండి! ఆ స్క్రీన్‌షాట్ ఇప్పటికీ దాచుకున్నా.

పేజీలో ఉన్న మాటల్ని చదివి వాటికి తగ్గ యాడ్ తెచ్చిపెట్టే పద్ధతి కొత్తదేం కాదు. గూగుల్ 2003లో యాడ్‌సెన్స్ మొదలుపెట్టింది. అదే ఏడాది, ఇలా మాటల అర్థం పసిగట్టే పనిలో ఉన్న అప్లైడ్ సెమాంటిక్స్ అనే కంపెనీని 10 కోట్ల డాలర్లకి పైగా పెట్టి కొనేసింది. అంత సొమ్ము పోసి నేర్పిన విద్యే అయినా, మిషన్‌కి గ్రహమంటే పట్టి పీడించేదే. నాకు ఒళ్లు మండి జాతకాల కేటగిరీ మొత్తం బ్లాక్ చేసి పారేశా. నెలాఖరుకి చూస్తే రాబడి సగానికి సగం పడిపోయింది. అంటే అప్పటిదాకా నా ఖగోళ శాస్త్రాన్ని పోషించింది జాతకాలే! ఇంకో రెండు వారాలు పౌరుషంగా ఉన్నా. తర్వాత చప్పుడు చెయ్యకుండా మళ్లీ ఆన్ చేశా. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. గ్రహాలు తిరిగే సూత్రాలు కనిపెట్టిన కెప్లర్ అంతటివాడే పొట్టకూటికి జాతకాలు రాశాడు, మనమెంత అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకి జవాబు. మీరు ఒక పేజీ మీద నొక్కగానే, అది తెరుచుకునేలోపే ఆ యాడ్ జాగా కోసం వేలంపాట జరిగిపోతుంది. సెకనులో పదో వంతు చాలు దానికి. మీరు ఏ పేజీ చూస్తున్నారు, ఏ ఫోన్, సుమారుగా ఎక్కడున్నారు, వీలైతే మీ ఆసక్తులేమిటి, అన్నీ పాటదారుల ముందుకెళ్తాయి. ఎవడు ఎక్కువ పాడితే వాడి యాడ్ పడుతుంది. ఇది అర్థమవడానికి నాకు చాలా కాలం పట్టింది: ఆ వేలంలో అమ్ముడుపోయేది నా రాత కాదు, దాన్ని చదవడానికొచ్చిన మనిషి. రాత బాగుందా లేదా అని పాడేవాళ్లలో ఒక్కడూ చూడడు. వచ్చినవాడి జేబులోంచి ఎంత తియ్యొచ్చు అన్నదే లెక్క. ఇన్సూరెన్స్, లోన్లు, లాయర్లు, వీటి గురించి వెతికేవాడి ధర ఎక్కడికో పోతుంది, ఎందుకంటే ఒక్కడు దొరికినా ఆ కంపెనీకి ఏళ్ల తరబడి రాబడి. ఆకాశంలో మబ్బులా కనపడే నెబ్యులా చూసి పరవశించిపోయేవాణ్ణి ఏ కంపెనీ కొనుక్కుంటుంది?

అందుకే తమ్ముడికి చెప్పా, ఇన్సూరెన్స్ గురించి రాయమని. "నాకు దాని గురించి ఏమీ తెలీదన్నా" అన్నాడు. అదేం అడ్డం కాదు తమ్ముడూ, రాస్తున్నవాళ్లలో చాలామందికి తెలీదు.

ధర ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుందనీ అనుకోవద్దు. డిసెంబరులో పండగ బేరాలకి కంపెనీలన్నీ బడ్జెట్లు కుమ్మరిస్తాయి, మన గ్రాఫ్ పైకి పోతుంది, ఇంకేముంది దారిలో పడ్డాం అనుకుంటాం. జనవరి రాగానే అదే పేజీకి, అంతమందే వచ్చినా, సగం కూడా రాదు. మొదటి ఏడాది ఏదో తప్పు చేశానని కంగారుపడి మూడు రాత్రులు కోడ్ వెతికా.

నా సైట్‌లో డబ్బు తెచ్చింది ఒకే ఒక్క పేజీ, మొదటి టెలిస్కోప్ ఏది కొనాలి అన్నది. ఒక మధ్యాహ్నం కూర్చుని గబగబా రాసి పడేసిన పేజీ అది. మూడు వారాల శని పేజీ కన్నా ఎన్నో రెట్లు తెచ్చింది. ఇక అక్కణ్ణించి చూడండి నా వేషాలు. పిల్లలకి ఏ టెలిస్కోప్, పెద్దలకి ఏ టెలిస్కోప్, తక్కువ ధరలో ఏది, ఎక్కువ ధరలో ఏది, అన్నీ రాసేశా. వాటిలో సగం నేను కంటితో చూసినవి కూడా కావు. రాత్రిళ్లు మేడ మీద ఉండాల్సినవాణ్ణి లోపల కూర్చుని, జనం సెర్చ్‌లో కొట్టే మాటలు, అదే కీవర్డులు, ఏరుకున్నా.

అన్నిటికన్నా సిగ్గుపడేది గ్రహణం పేజీ గురించి. గ్రహణం ఎన్నింటికి మొదలవుతుంది, ఎన్నింటికి వదులుతుంది, ఇంతే కదా జనానికి కావాల్సింది. ఒక్క లైను. నేనేం చేశాను? ముందు గ్రహణం అంటే ఏమిటి, ఒక యాడ్. గ్రహణాలు ఎన్ని రకాలు, ఇంకో యాడ్. చూసేటప్పుడు జాగ్రత్తలు, మళ్లీ యాడ్. టైమ్ అట్టడుగున. ఒకాయన తన ఫోన్ స్క్రీన్‌షాట్ తీసి మెయిల్ చేశాడు. పైన ఒక యాడ్, కింద అంటుకుపోయి కదలని యాడ్, మధ్యలో నావి రెండంటే రెండు లైన్లు. ఒకటే వాక్యం రాశాడు: "సార్, టైమ్ ఎక్కడుందండీ?" అప్పటికి గ్రహణం పట్టేసింది కూడా.

దీనికి తోడు ఆలస్యంగా లోడయ్యే యాడ్ చేసే పని మీకందరికీ అనుభవమే. ఒక లింక్ నొక్కబోతాం, ఆ క్షణాన పేజీ కిందికి జారుతుంది, వేలు వెళ్లి యాడ్ మీద పడుతుంది. చదివేవాడు తిట్టుకుంటాడు, సైట్‌వాడి ఖాతాలో డబ్బు పడుతుంది. అలా నా ఖాతాలో పడినవి ఎన్నో నాకే తెలీదు. ఈ జారుడిని కొలిచి సెర్చ్ ర్యాంకులో లెక్కేస్తామని గూగుల్ 2021లో అమలుపెట్టింది. ఆ గూగులే ఒక చేత్తో యాడ్ కోడ్ ఇస్తుంది, ఇంకో చేత్తో పేజీ కుదుపులకి మార్కులు కోస్తుంది.

దొంగ క్లిక్కుల సంగతి కూడా చెప్పేస్తా. నాకు తెలిసినాయన ఒకరు కష్టపడి 90 డాలర్ల దాకా తెచ్చుకున్నాడు. వాళ్ల బావమరిది "సాయం చేద్దామని" ఒక సాయంత్రం కూర్చుని నలభైసార్లు యాడ్లు నొక్కాడు. ఖాతా పోయింది, డబ్బు తిరిగి యాడ్లు ఇచ్చినవాళ్లకి పోయింది, అప్పీలు పెడితే అచ్చులో పోసినట్టుండే జవాబు ఒకటి వచ్చింది. ఆ నెట్‌వర్క్ పేరు చెప్పను. రూలు రూలే, ముందే రాసుంటుంది. బావమరుదులు చదవరు, అంతే.

ఇదంతా విని, "చూశారా, యాడ్లు పాపం, ఇంటర్నెట్‌ని నాశనం చేసినవి అవే" అని బయల్దేరే పెద్దమనుషులు ఉంటారు. వాళ్లతో నాకు పడదు. 1994 అక్టోబరులో హాట్‌వైర్డ్ అనే సైట్‌లో మొదటి బ్యానర్ యాడ్ పెట్టినప్పుడు చూసినవాళ్లలో నూటికి 44 మంది నొక్కారని చెప్తారు, ఏమిటో చూద్దామని. అంటే యాడ్ అంటే జనానికి పుట్టుకతో అసహ్యమేం లేదు, మనం తెప్పించాం. అడక్కుండా వేరే కిటికీలో ఎగిరొచ్చే పాప్‌అప్ యాడ్‌కి కోడ్ రాసిన ఈథన్ జుకర్‌మన్ 2014లో బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు. ఆయన పాటి మర్యాద గ్రహణం పేజీ పెట్టిన నాకు ఉందా అంటే అనుమానమే. యాడ్ బ్లాకర్ వాడేవాళ్లని నేనేం అనను, నేనూ వాడతాను. కానీ సర్వర్ అద్దె ఎవరో ఒకరు కట్టాలి. ఉచితంగా చదువుతూ, యాడ్లు బ్లాక్ చేస్తూ, చందా అడిగితే మొహం తిప్పుకుంటూ, మళ్లీ "మంచి సైట్లు లేవండీ ఈ రోజుల్లో" అంటే మాత్రం మండుతుంది.

గూగుల్ మధ్యలో తినేస్తోంది అనేది ఇంకో మాట. యాడ్‌సెన్స్ తన వాటా బయటపెట్టింది 2010లో: నూటికి 68 సైట్‌వాళ్లకి. ఇప్పుడు లెక్క కట్టే తీరు మారినా సుమారుగా అంతే మిగులుతుందని వాళ్లే చెప్పారు. యాడ్ మార్కెట్‌లో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నడిపిందని 2025 ఏప్రిల్‌లో అమెరికా కోర్టు తీర్పిచ్చింది, కాబట్టి వాళ్లేం సాధువులు కారు. కానీ నా విషయంలో, 68కి బదులు నూటికి నూరూ ఇచ్చినా ఏం మారేది? డాలరు డాలరున్నర అయ్యేది. గ్రహణం పేజీలో ఇంకో యాడ్ పెట్టేవాణ్ణి.

2024 నుంచి సెర్చ్‌లో పైనే ఏఐ జవాబు చెప్పేస్తోంది. గ్రహణం ఎన్నింటికి అంటే టైమ్ అక్కడే కనపడుతోంది, లోపలికి వచ్చేవాడు లేడు. ఆ పేజీ చచ్చిపోయింది. దాని గురించి ఏడవడానికి నాకు నోరు లేదు.

పోయినేడాది ఒక్క పేజీ తప్ప అన్నిటిలోంచీ యాడ్ కోడ్ తీసేశా. నేను చూడని టెలిస్కోప్‌ల పేజీలన్నీ చెరిపేసి ఒక్కటి ఉంచా, దాని చివర ఒక యాడ్ ఉంచా. హోస్టింగ్ చవకది చూసి మార్చుకున్నా, అది నా జేబులోంచే కడుతున్నా. గ్రహణాల టైమ్ పేజీలో మొదటి లైనులోనే ఉంటుంది ఇప్పుడు. చూసేవాడు లేకపోయినా.

ఖాతాలో 61 డాలర్లు ఉండిపోయాయి. నా నెట్‌వర్క్‌కీ గీత 100 దగ్గరే. మిగిలిన ఆ ఒక్క యాడ్ ఏడాదికి మూడు డాలర్లు తెస్తోంది. అంటే ఇంకా పదమూడేళ్లు. 2025 మార్చిలో శని వలయాలు మనవైపు అంచుగా తిరిగాయి, కానీ అప్పుడు శని సూర్యుడికి మరీ దగ్గరగా ఉండి చూడ్డం కుదర్లేదు. మళ్లీ అలా తిరిగేది 2038 అక్టోబరులో. ఖాతా మూసేసి ఉన్నది ఇమ్మని అడగొచ్చు, కానీ అడగను. ఆ డబ్బూ, శని వలయాలూ ఇంచుమించు ఒకే సమయానికి వస్తున్నాయి, ఏది ముందొస్తుందో చూస్తా.