టాక్ షోలతో పూచికపుల్ల కూడా కదలదా?

"టాక్ షో అంటే సినిమావాళ్ల సోది. అమెరికా నుంచి అరువు తెచ్చుకున్న సరుకు. దానివల్ల సమాజంలో పూచికపుల్ల కూడా కదలదు. జనం చూస్తారు, మర్చిపోతారు." ఈ మెసేజ్ మా చెన్నై తెలుగువాళ్ల గ్రూపుల్లో వారం రోజులుగా తిరుగుతోంది. పంపినవాళ్లలో నాకు బాగా కావాల్సినవాళ్లూ ఉన్నారు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

సినిమావాళ్ల సోది అన్నది సగం కూడా నిజం కాదు. 2006లో తమిళ చానెల్ విజయ్ టీవీలో మొదలైన చర్చల షో 'నీయా నానా'లో ఎదురెదురుగా కూర్చునేది ఎక్కువగా మామూలు మనుషులే. అత్తలు ఒకవైపు, కోడళ్లు ఒకవైపు.

ఇక అరువు సరుకు. 1967లో అమెరికాలో టాక్ షో మొదలుపెట్టిన ఫిల్ డొనాహ్యూ మైకు పట్టుకుని ప్రేక్షకుల మధ్యకు వెళ్లిన మాట నిజమే. కానీ మాట్లాడేవాణ్ణి నలుగురి ముందు ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేయడం మనకు ఎవరో నేర్పాలా? అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగానికని ప్రత్యేకంగా ఓ పృచ్ఛకుణ్ణి కూర్చోబెట్టుకునే జాతి మనది. ఇక్కడి తమిళులకు టీవీలో సాలమన్ పాప్పయ్య పట్టిమన్రం, అంటే రెండు జట్ల వాదన పోటీ, లేకపోతే పండగ పండగలా ఉండదు. 'నీయా నానా'లో నాకు ఆ పట్టిమన్రమే కనిపిస్తుంది.

నా అసలు అభ్యంతరం మూడో మాట మీద. 2012 మే 6న ఆమిర్ ఖాన్ 'సత్యమేవ జయతే' ఆడ భ్రూణహత్యలతో మొదలైంది. కొద్ది రోజులకే రాజస్థాన్ ముఖ్యమంత్రి అశోక్ గెహ్లాట్ ఆయనతో కూర్చుని ఆ కేసుల గురించి మాట్లాడారు. అలాగని పిల్లలపై లైంగిక నేరాలకు శిక్షలు వేసే పోక్సో చట్టం ఆ షో వల్లే వచ్చిందనడం కూడా తప్పే. పిల్లలపై లైంగిక వేధింపుల ఎపిసోడ్ మే 13న వచ్చింది, బిల్లు 2011లోనే పార్లమెంటులో ఉంది. మరి 2019 జనవరిలో 'కాఫీ విత్ కరణ్'లో ఆడవాళ్ల గురించి మాట్లాడిన తీరుకు హార్దిక్ పాండ్యా, కె.ఎల్. రాహుల్ ఆస్ట్రేలియా టూర్ నుంచి వెనక్కి రావాల్సి వచ్చింది కదా! కాపురాల గొడవల్ని రేటింగ్ కోసం నడిబజారులో పెట్టే షోలూ ఉన్నాయి. ప్రభావమే లేదనేస్తే వాటిని నిలదీసే దారి కూడా మనమే మూసేసినట్టు.

మర్చిపోతారంటారా? వడపళనిలో మా పిన్ని ఓ ఆదివారం చిక్కుడుకాయలు ఒలుస్తూ టీవీ చూస్తోంది. భార్యలు ఒకవైపు, భర్తలు ఒకవైపు, ఇంటి ఖర్చుల మీద వాదన. "పది రూపాయలు ఖర్చుపెట్టినా లెక్క చెప్పాలి" అందొకావిడ. పిన్ని చేతులు ఆగిపోయాయి. "నాదీ అదే కథ" అంది, బాబాయి వైపు చూడకుండానే. 30 ఏళ్లలో ఆ మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. బాబాయి రిమోట్ తీసి సౌండ్ తగ్గించి, "ఏంటి, మళ్లీ చెప్పు" అన్నారు.